స్కేట్‌బోర్డుకు ముందేది? వెనకేది?

మధ్యప్రదేశ్‌లోని జన్వార్ ఊళ్లో 2015లో స్కేట్ పార్కు కట్టారు. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలో ప్రపంచ పోటీలకు వెళ్లింది. ఈ ఆటలో వాడే నాలుగు చక్రాల చెక్కకు రెండు కొసలూ పైకి వంగి ఒకేలా కనబడతాయి. ముందేదో తెలిసే గుర్తులు రాస్తున్నాను.

1. చక్రాల బోల్టుల నుంచి కొస దాకా దారంతో కొలవండి. సాధారణంగా పొడుగుది ముందు, అంటే 'ముక్కు'. పొట్టిది 'తోక'.

2. పక్కనుంచి చూస్తే ముక్కు కాస్త ఎక్కువ లేచి ఉంటుంది.

3. పాత బోర్డయితే తోక అంచు బాగా అరిగి ఉంటుంది.

కొన్నిటికి రెండు కొసలూ సమానమే. అప్పుడు ఒకదానికి రంగు గుర్తు పెట్టుకోవాలి.

వెనక కాలితో తోకను నేలకేసి కొడితే బోర్డు గాల్లోకి లేస్తుంది. కొసలు తారుమారైతే కాలి అంచనా తప్పి పడతాం. అందుకే ఎక్కేముందే చూసుకోవాలి!