నీటితో పోని పాపం: ఎల్కసాయి వృత్తాంతం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పిచ్చికుక్క కరిస్తే నేటికీ కొందరు ఆసుపత్రి కన్నా ముందు మంత్రం వేసేవారి దగ్గరకు పరుగెత్తుతారు. ఇలాంటి నమ్మకాన్ని ‘దైవగ్రంథం’ పేరుతోనే బోధించిన ఒక వ్యక్తి గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

అతని పేరు ఎల్కసాయి. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) తర్వాత, రోమ్ చక్రవర్తి ట్రాజన్ పాలన మూడో ఏట, అంటే క్రీ.శ. 101 ప్రాంతంలో, అతనికి పార్థియా దేశంలో ఒక గ్రంథం లభించిందని అనుచరులు చెప్పుకునేవారు. 96 మైళ్ళ ఎత్తున్న దూత దాన్ని ఇచ్చాడట! ఆ దూత దైవకుమారుడట, పక్కనే అంతే ఎత్తున ఉన్న స్త్రీరూపం పరిశుద్ధాత్మ అట! క్రీ.శ. 220 ప్రాంతంలో సిరియా వాసి అల్సిబియాడిస్ ఆ గ్రంథాన్ని రోముకు తీసుకెళ్ళాడు. నేడది మిగల్లేదు. హిప్పోలిటస్, ఎపిఫానియస్ వంటి క్రైస్తవ పండితులు దాన్ని ఖండిస్తూ రాసిన మాటల ద్వారానే చాలా విషయాలు తెలుస్తున్నాయి.

పైకి చూస్తే వారి ఆచారాలు మనకు దగ్గరగా కనిపిస్తాయి. వారు ఖత్నా చేయించుకునేవారు. జెరూసలేం వైపు తిరిగి ప్రార్థించేవారు. పౌలు బోధను తిరస్కరించేవారు. స్నానశుద్ధికి ఎంతో ప్రాముఖ్యమిచ్చేవారు. దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లో నివసించే ‘ముగ్తసిలా’ (స్నానం చేసేవారు) వర్గానికి మూలపురుషుడు ‘అల్ హసీహ్’ అని 10వ శతాబ్దంలో ఇబ్ను నదీమ్ రాశారు. అతను ఎల్కసాయే అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. క్రీ.శ. 216లో పుట్టిన మానీ పెరిగింది ఈ వర్గంలోనే. తర్వాత అతను కూడా ప్రవక్తనని చెప్పుకుని వేరే మతం స్థాపించాడు.

అయితే పోలిక వేరు, సత్యం వేరు. మనం మూడు విషయాలు గమనించాలి.

మొదటిది: తనకూ ఈసా (అలైహిస్సలాం)కూ మధ్య మరో ప్రవక్త లేడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్పష్టంగా తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). అల్లాహ్‌కు కుమారుణ్ణి అంటగట్టే గ్రంథం ఆయన వద్ద నుంచి వచ్చే అవకాశమే లేదు.

రెండవది: ఎంత ఘోరపాపమైనా తన గ్రంథాన్ని నమ్మి, బట్టలతోనే నీట మునిగితే పోతుందన్నాడు ఎల్కసాయి. పిచ్చికుక్క కరిచినా ఏటికి పరుగెత్తి మునగాలన్నాడు. ఆకాశం, నీరు, నూనె, ఉప్పు, భూమి మొదలైన ఏడింటిని సాక్షులుగా పిలవమన్నాడు. మనకు వుజూ, గుస్ల్ ఉన్నాయి. కానీ మనం పిలిచేది నీటిని కాదు, నీటిని సృష్టించిన ప్రభువును. పాపాలను మన్నించేవాడు అల్లాహ్ తప్ప మరెవరూ లేరు (3:135). పశ్చాత్తాపం, పాపాన్ని విడనాడటం, హక్కుదారునికి హక్కు తిరిగి ఇవ్వటం లేకుండా ఎన్ని మునకలు వేసినా ఒళ్ళే తడుస్తుంది.

మూడవది, అందరికన్నా మనల్ని హెచ్చరించేది: 4వ శతాబ్దం నాటికి ఎల్కసాయి వంశానికి చెందిన మార్తూస్, మార్తానా అనే అక్కాచెల్లెళ్ళను జనం దేవతల్లా కొలిచేవారని, వారి ఉమ్మిని, పాదధూళిని తాయెత్తుల్లో పెట్టుకునేవారని ఎపిఫానియస్ రాశాడు. దైవకుమారుడనే మాటతో మొదలైన దారి చివరకు పాదధూళి దగ్గరకు చేరింది!

మరి మన మెడల్లో, మన పిల్లల చేతులకు ఏముంది? తాయెత్తు కట్టడాన్ని దైవప్రవక్త (స) షిర్క్‌గా హెచ్చరించారు (ముస్నద్ అహ్మద్). వైద్యం చేయించుకోమని కూడా ఆయనే ఆదేశించారు. కాబట్టి కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే పావుగంట సేపు సబ్బుతో, పారే నీటితో కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రిలో టీకా వేయించాలి. స్వస్థత కోసం అల్లాహ్‌నే వేడుకోవాలి.

అల్లాహ్ మనందరినీ షిర్క్ నుంచి కాపాడి, స్వచ్ఛమైన తౌహీద్‌పై నిలకడ ప్రసాదించుగాక! ఆమీన్.