రెరా నంబరు రాని ఫ్లాటుకు రూపాయి కూడా ఇవ్వకండి

కొంతకాలంగా నా ఆఫీసుకు వస్తున్న ఇళ్ల కేసులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటున్నాయి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బో, ఊళ్లో పొలం అమ్మిన డబ్బో, అమెరికా నుంచి కొడుకు పంపిన డబ్బో చేతిలో ఉంటుంది. ఒక ఫ్లాటు కొని అద్దెకిస్తే నెలనెలా ఇంత వస్తుంది, రేటు పెరిగాక అమ్ముకోవచ్చు అనుకుంటారు. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. బంధువుల్లో ఒకరు ఏజెంటును తీసుకొస్తారు. బయట చదరపు అడుగు 5,800 పలుకుతుంటే తమ 'ప్రీ లాంచ్'లో 3,300కే ఇస్తామని, మొత్తం సొమ్ము మాత్రం ముందే కట్టాలని అతను చెబుతాడు. కట్టేస్తారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసిన ఎంఓయూ (అవగాహన ఒప్పందం) ఒకటి చేతికొస్తుంది. రెండు మూడేళ్లు తిరిగి తిరిగి, చివరికి ఆ కాగితం పట్టుకుని వకీలు దగ్గరికి వస్తారు.

రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, వచ్చింది 2016లో. అందులో సెక్షన్ 3 ఏం చెబుతుందో ఇన్నేళ్ల తర్వాత కూడా డబ్బు కట్టేవాళ్లకు తెలియదంటే నాకు కోపమే వస్తుంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతేనో, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోతేనో తప్ప, రెరాలో నమోదు కాని ప్రాజెక్టుకు బిల్డర్ ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మజూపకూడదు. నమోదయ్యాక కూడా, రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని సెక్షన్ 13 అంటుంది. మరి వంద శాతం ముందే కట్టించుకుంటున్నవాడు ఎన్ని అడ్డుగోడలు దూకి వచ్చాడో లెక్కేసుకోండి.

అంత చవకగా ఎందుకిస్తున్నాడని కూడా ఎవరూ అడగరు. అనుమతుల్లేని స్థలం మీద అతనికి బ్యాంకు అప్పు పుట్టదు. మీ డబ్బుతోనే భూమికి బయానా ఇస్తాడు. నమోదైన ప్రాజెక్టులో కొనుగోలుదారులు కట్టిన దాంట్లో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, ఆ భూమికీ నిర్మాణానికీ మాత్రమే ఖర్చు చేయాలి. నమోదు లేనిచోట అలాంటి ఖాతా ఉండదు. మీరు ఒక వెంచర్‌కని ఇచ్చిన సొమ్ము ఇంకో ఊళ్లో ఇంకో భూమికి బయానాగా వెళ్లిపోతుంది. అందుకే చెబుతున్నాను, రెరా నంబరు రాకముందు రూపాయి ఇవ్వకండి.

ఇప్పుడు నేను నడుపుతున్న కేసు ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన రిటైర్డ్ టీచరు దంపతులది. ఔటర్ రింగు రోడ్డు అవతల నాలుగెకరాల్లో కడతామన్న అపార్టుమెంటులో 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు 39 లక్షల 60 వేలు కట్టారు. అందులో 12 లక్షలు నగదు. వాళ్లకున్న ధైర్యమల్లా ఒకటే: "మాకు రిజిస్ట్రేషన్ కూడా అయింది సార్." అయిన మాట నిజమే. ఫ్లాటుకు కాదు, 40 గజాల అవిభాజ్య వాటాకు. మార్కెట్లో యూడీఎస్ అంటున్నది దీన్నే. నాలా కూడా అయిందని ఏజెంటు చూపించాడట. నాలా అయిందంటే సాగుభూమి సాగేతర భూమిగా మారిందని మాత్రమే. ఆ కాగితంతో అక్కడ ఒక గది కూడా కట్టలేరు.

ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి, అమ్మిన వాటాలన్నీ కూడి చూశాను. నాలుగెకరాలంటే 19,360 గజాలు. మనిషికి 40 గజాల చొప్పున 484 మందికి సరిపోతుంది. ఈసీలో అమ్మకాలు 21 వేల గజాలు దాటాయి. అంటే చివర్లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు కొన్నది లేని భూమి. ఒకే ఆస్తిని ఒకరి తర్వాత ఒకరికి రాసిస్తే ముందు రాయించుకున్నవాళ్ల హక్కే నిలుస్తుందని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 48 చెబుతుంది. మా క్లయింట్ల డాక్యుమెంటు వరుసలో ముందే ఉంది కాబట్టి కాగితం మీద వాటా మిగిలింది. వాళ్ల పక్కన కూర్చుని ఏడ్చిన మరో కొనుగోలుదారుకు అదీ మిగల్లేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరూ అడ్డు చెప్పలేదా అని ఆ దంపతులు నన్నడిగారు. అక్కడ దస్తావేజు రాసిస్తే నమోదు చేస్తారు, హక్కు సంగతి తేల్చడం మా పని కాదంటారు. చట్టం కూడా చాలావరకు అలాగే ఉంది. కానీ ఒకే సర్వే నంబరులో వందలమందికి 40 గజాలు, 35 గజాలు అంటూ వాటాలు వరుసగా రాస్తున్నప్పుడు, ఉన్న విస్తీర్ణం దాటిపోతోందని అక్కడి కంప్యూటరే ఆపేలా చేయడం ఎంత పని? చేయరు. సుంకం వసూలైతే చాలు.

మిగిలిన ఆ వాటాతో ఏం చేస్తారు? అమ్మబోతే కొనేవాడుండడు. తనఖా పెట్టబోతే బ్యాంకు తీసుకోదు. బిల్డింగు అనుమతికి దరఖాస్తు చేయాలన్నా సహ యజమానులందరి సమ్మతి కావాలి, వాళ్లలో కొందరు డల్లాస్‌లో ఉంటారు, కొందరు అప్పటికే కోర్టుకెక్కి ఉంటారు. పంపకాల దావా వేద్దామంటే వందలమందిని ప్రతివాదులుగా చేర్చాలి, వాళ్లందరికీ సమన్లు అందేసరికే ఏళ్లు గడుస్తాయి. యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేయిస్తాం కదా, భయం దేనికి అని ఎవరైనా అంటే, అసలు భయపడాల్సింది అక్కడేనని తెలుసుకోండి.

మా క్లయింట్ల ఎంఓయూలో ఇంకో విషం ఉంది. రెండేళ్లలో ఫ్లాటు ఇవ్వకపోతే 18 శాతం వడ్డీతో మేమే వెనక్కి కొంటామని బై బ్యాక్ షరతు రాసి, రాబోయే తేదీ వేసిన చెక్కు ఇచ్చారు. దాన్ని చూసి ఆ దంపతులు మురిసిపోయారు. ఇలా ఖాయమైన లాభానికో, బై బ్యాక్‌కో డబ్బు పెట్టినవాళ్లు లాభం కోసం వచ్చిన స్పెక్యులేటర్లని, వాళ్లు దివాలా చట్టం కింద గృహ కొనుగోలుదారుల హోదాలో కంపెనీ మీద పిటిషన్ వేయలేరని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 12న మాన్సీ బ్రార్ ఫెర్నాండెజ్ కేసులో తేల్చేసింది. మిమ్మల్ని కాపాడుతుందనుకున్న వాక్యమే మీకు ఒక దారి మూసేసింది. రెరాలో కూడా బిల్డర్ ఇప్పుడు అదే పాట పాడుతున్నాడు, వీళ్లు కొనుగోలుదారులు కారు, మాకు అప్పిచ్చినవాళ్లని. పెట్టుబడి కోసం కొన్నవాళ్లను రెరా చట్టంలోని 'అలాటీ' (కేటాయింపు పొందినవాడు) నిర్వచనం మినహాయించలేదని మేం వాదిస్తున్నాం. బై బ్యాక్ రాయకుండా ఉంటే ఈ వాదనే అవసరమయ్యేది కాదు.

ఆ చెక్కు సంగతి చెబుతాను. గడువు వచ్చినప్పుడల్లా "బ్యాంకులో వేయకండి, కొత్తది ఇస్తాం" అన్నారు, రెండుసార్లు మార్చారు. మూడోదాన్ని బీరువాలో పెట్టుకుని కూర్చున్నారు. చెక్కుకు ప్రాణం మూడు నెలలే. ఆలోగా బ్యాంకులో వేయాలి, బౌన్సయినట్టు తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజులు చూసి, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. నా దగ్గరికి వచ్చేసరికి మూడు నెలలూ దాటిపోయాయి. చదువు చెప్పిన మనుషులు, చెక్కు మీద తేదీ చూసుకోలేదు!

నగదు ఇంకో తలనొప్పి. ఆ 12 లక్షలకు తెల్లకాగితం మీద సంతకం తప్ప ఏమీ లేదు. రెండు లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని దావాలో రాస్తే ఆ సంగతి కోర్టు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. నగదు ఇవ్వమన్న చోటే బేరం వదిలేసి లేచి వచ్చేయండి.

రెరా ఉత్తర్వు రేపు మాకు అనుకూలంగానే వస్తుందనుకుందాం. బిల్డర్ కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలని సెక్షన్ 40 చెబుతుంది. ఆ పని రెవెన్యూ వాళ్లది. వసూలు పత్రం కలెక్టరేట్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి మారుతూ ఉంటుంది. ఎవరిని అడిగినా పై వాళ్లకు పంపామంటారు. గెలిచిన కేసుకు డబ్బు రాబట్టడానికి ముసలివాళ్లు మెట్లెక్కి దిగాల్సిరావడం సిగ్గుచేటు.

కాబట్టి మళ్లీ అదే మాట, రెరా నంబరు రాకముందు రూపాయి ఇవ్వకండి. నంబరు చెబితే నమ్మేయకండి, రెరా వెబ్‌సైటులో మీరే కొట్టి చూడండి. ప్రాజెక్టు నంబరు 'పీ' అక్షరంతో మొదలవుతుంది. 'ఏ'తో మొదలైతే అది ఏజెంటు నంబరు. దాన్ని చూపించి రెరా ఉందని నమ్మించిన కేసులు నా దగ్గరే ఉన్నాయి. 'అప్లై చేశాం, వారంలో వస్తుంది' అంటే, వచ్చాకే మాట్లాడదామనండి. నంబరు దొరికాక ఆ పేజీలో ఉన్న సర్వే నంబరు, బ్లాకులు, పూర్తిచేసే గడువు మీకు చెప్పినవాటితో సరిపోతున్నాయో లేదో చూడండి. పక్క ప్రాజెక్టు నంబరు వాడుకునేవాళ్లూ ఉన్నారు.

మొదటిసారి అద్దె కోసం కొంటున్నారా? నా మాట వింటే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చి మనుషులు కాపురముంటున్న ఇల్లు చూసుకోండి. చదరపు అడుగుకు ఎక్కువే పెడతారు, కానీ అద్దె మర్నాటి నుంచే వస్తుంది. లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ మీ వకీలుకు చూపించండి, అమ్మేవాడు తెచ్చిన వకీలుకు కాదు. కొత్త భవనమైతే ఇంకోటి అడగాలి. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో పది శాతాన్ని మున్సిపాలిటీ పేర తనఖా రాయించుకుంటారు, ఓసీ వచ్చాకే విడిపిస్తారు. మీకు చూపించే ఫ్లాటు ఆ పది శాతంలోది కాకూడదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు ఎంఓయూ తీసి తేదీలు చూడండి. ఒప్పందం అమలు కోసం సివిల్ దావాకు మూడేళ్లు, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు గడువు. చెక్కు ఉంటే ఈ వారమే బ్యాంకులో వేయండి. ఆ సర్వే నంబరు మీద ఈసీ తీసి వాటాలు కూడండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, బ్రోచరు, ఏజెంటు పంపిన వాయిస్ మెసేజులు భద్రపరచండి. మీలాంటివాళ్లు పదిమంది కలిస్తే రెరాతో పాటు ఆర్థిక నేరాల పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద కేసు నిలబడితే బిల్డర్ ఆస్తులు జప్తు చేయించే వీలుంటుంది. 'ఇంకో నెల ఆగండి' అని ఫోనొస్తే ఆ మాటే వాట్సాప్‌లో రాసి పంపమనండి. సాక్ష్యానికి పనికొస్తుంది. దాని వల్ల గడువు ఆగిపోతుందని మాత్రం అనుకోకండి.