ఫాన్ చి అడిగిన రెండు ప్రశ్నలు

కన్ఫ్యూషియస్ అంటే చైనా తత్వవేత్త అని మనలో చాలామందికి ఒక్క ముక్కలో తెలుసు. నాకూ అంతే తెలుసు. నేను సైన్సు విద్యార్థిని, తత్వశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా మొన్న సెలవులకు లైబ్రరీ నుంచి ఇంటికి పట్టుకెళ్ళిన ఒక పుస్తకంలో, ఆయన శిష్యుడు ఫాన్ చి అడిగిన రెండు ప్రశ్నలు నన్ను పట్టుకుని వదల్లేదు. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో లూ రాజ్యంలో, నేటి షాన్‌డాంగ్ రాష్ట్రంలో పుట్టాడు. చౌ రాజుల పట్టు సడలి, రాజ్యాలు ఒకదానిమీద ఒకటి పడి కొట్టుకుంటున్న కాలమది. మనుషులు కలిసి బతకడం ఎలా అన్నదే ఆయన దిగులు. క్రీ.పూ. 479లో ఆయన పోయాక, ఆ మాటల్ని శిష్యులూ, వారి శిష్యులూ కూర్చగా 20 అధ్యాయాల 'లున్ యూ' తయారైంది.

అందులో ముఖ్యమైన మాట 'రెన్'. మంచితనం అనుకోవచ్చు. చైనా లిపిలో ఈ అక్షరం 'మనిషి', 'రెండు' అనే గుర్తుల కలయిక. అంటే ఒంటరిగా కూర్చుని మంచివాడు కావడం కుదరదు, ఎదుట ఇంకొక మనిషి ఉండాలి. ఈ రెన్ అంటే ఏమిటని ఫాన్ చి అడిగితే, మనుషులను ప్రేమించడమే అన్నాడు గురువు. ఆయన మాటల్లోనే కాదు, చేతల్లోనూ అది కనబడుతుంది. ఒకసారి గుర్రపుశాల తగలబడితే ఆయన మనుషులెవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగాడే గాని, గుర్రాల సంగతి ఎత్తలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. రెండో ప్రశ్న దగ్గరే నాకు మనసు చివుక్కుమంది. వ్యవసాయం నేర్పమని ఫాన్ చి అడిగాడు. ముసలి రైతుకు తెలిసినంత నాకు తెలియదన్నాడు గురువు. శిష్యుడు బయటికి వెళ్ళగానే మాత్రం, వీడిది చిన్నబుద్ధి అన్నాడు! పైనున్నవాళ్ళు మర్యాద, న్యాయం, నమ్మకం పాటిస్తే జనం పిల్లల్ని వీపున కట్టుకుని మరీ నలుదిక్కుల నుంచీ వస్తారు, ఇక సేద్యం నేర్చుకోవడం దేనికి అని ఆయన వాదం.

రైతుబిడ్డను గదా, కోపం వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర నాన్నకు చెప్పాను. ఆయన నవ్వి, "ముసలి రైతంత తెలియదని ఒప్పుకున్నాడు గదరా, అదీ గొప్పే. పైవాళ్ళు సరిగ్గా ఉండాలన్నాడు చూడు, ఆ మాట మాత్రం అక్షరాలా నిజం" అన్నారు.

నాన్న ఆ మాట ఎందుకన్నారో నాకు తెలుసు. మా పొలం కాలవ చివర. పైనవాళ్ళు వంతు తప్పి తూము ఎత్తితే మా మడి నెర్రెలిస్తుంది. పోయినేడాది అదే జరిగింది. అడగబోతే పెద్దమనుషులు, "ఊళ్ళో గొడవలెందుకు, సర్దుకుపోండి" అన్నారు. నాన్న సర్దుకున్నారు. చేను ఎండింది. మరి దీన్ని సామరస్యం అందామా?

కాదని కన్ఫ్యూషియస్ కాలపువాడే, ఛీ రాజ్యపు మంత్రి యెన్ యింగ్ చెప్పాడు. సామరస్యం పులుసులాంటిదట. నీళ్ళు, ఉప్పు, పులుపు వేరువేరుగా ఉండి, ఒకదాని లోటు ఒకటి తీర్చాలి. రాజు ఔనంటే ఔను, కాదంటే కాదు అనే మంత్రి నీళ్ళలో నీళ్ళు పోసినట్టే, అది ఎవరు తాగుతారు? కన్ఫ్యూషియస్ కూడా ఉత్తముడు అందరితో కలుస్తాడు గాని అందరిలా మారిపోడనీ, అల్పుడి తీరు దీనికి తలకిందులనీ అన్నాడు.

ఈ తేడా మరిచిపోయినప్పుడల్లా ఆయన పేరు అణకువ నేర్పే బెత్తంగా మారింది. అందుకే 1919 మే 4 ఉద్యమకాలంలో చైనా యువకులు ఆయన్ను తిట్టిపోశారు. 1966లో రెడ్ గార్డులు ఆయన ఊరు చ్యూఫూలోని ఆలయాన్ని ధ్వంసం చేశారు. అదే దేశంలో నేడు ఆయనకు మళ్ళీ మన్నన దక్కుతోంది.

నాకు తోచింది ఇంతే. మంచితనం లేని సామరస్యం బలవంతుడికే చుట్టం. హాస్టల్లోనైనా, యూనియన్‌లోనైనా, కాలవ గట్టునైనా "సర్దుకుపో" అనేముందు ఎవరి చేను ఎండుతోందో చూడాలి. గుర్రపుశాల తగలబడ్డనాడు ఆ గురువు ముందుగా అడిగింది మనిషి గురించే గదా!

— ఒక బి.యస్సీ. విద్యార్థి