అన్నవాహికలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు

ఎదలో మంట, పులితేన్పులు అంటూ మా ఓపీకి వచ్చేవారిలో చాలామందికి పెద్ద జబ్బేమీ ఉండదు. రాత్రి పెందలాడే భోంచేసి, బీడీ, మద్యం మానేసి, కొన్ని వారాలు మాత్రలు వాడితే సర్దుకుంటుంది. మాకు బాధ కలిగించేది వేరే. పదేళ్లుగా మంటను సోడాతో, షాపులో కొన్న తెల్లమందుతో అణచుకుని, సంగటి ముద్ద దిగడం లేదన్నాక గానీ ఆసుపత్రికి రానివారు హిందూపురంలోనూ ఉన్నారు, పెనుకొండ పల్లెల్లోనూ, ధర్మవరం మగ్గాల దగ్గరా ఉన్నారు. అప్పటికి చేయగలిగింది చాలా తగ్గిపోతుంది.

గొంతు నుంచి కడుపుకు ఆహారాన్ని చేర్చే గొట్టమే అన్నవాహిక. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి ఎగదన్నుతుంటే, దాని కింది భాగంలోని లోపలి పొర పేగు పొర లాగా మారుతుంది. దీన్ని బారెట్ అన్నవాహిక అంటారు. లండన్‌లో పనిచేసిన సర్జన్ నార్మన్ బారెట్ 1950లో దీని గురించి రాశారు. అది పైకి లాగబడిన కడుపు భాగమని ఆయన మొదట పొరబడి, 1957లో దిద్దుకున్నారు.

మన దేశంలో ఎక్కువగా కనిపించే అన్నవాహిక క్యాన్సర్ మాత్రం ఇంకో రకం. పొగాకు, మద్యం, వక్క, గుట్కాల వల్ల మామూలు పొరలోని కణాలే వికారంగా మారతాయి. దీనికి ముందు మంట కూడా ఉండకపోవచ్చు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది. పొగలు కక్కే టీని కాస్త ఆరనిచ్చి తాగండి. కారం సంగతి చాలామంది అడుగుతారు. కారం మంటను పెంచవచ్చు గానీ, అసలు దోషులు పైన చెప్పినవే.

ఐదేళ్లకు పైగా మంట ఉండి, వయసు యాభై దాటి, పొగతాగే అలవాటు, పెద్ద పొట్ట ఉన్న మగవారు ఒకసారి ఎండోస్కోపీ గురించి వైద్యులను అడగాలి. ముద్ద దిగకపోయినా, బరువు తగ్గినా, రక్తం వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా ఎవరైనా వెంటనే రావాలి.

ఎండోస్కోపీలో మారిన పొర ఎర్రగా కనిపిస్తుంది. ప్రతి రెండు సెంటీమీటర్లకు నాలుగు వైపుల నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీసినప్పుడు నొప్పి తెలియదు. రెండో రకం మార్పుల కోసం అయోడిన్ చల్లుతారు. మంచి పొర గోధుమరంగుకు తిరుగుతుంది, చెడిన చోట రంగు అంటదు.

రిపోర్టులో 'క్యాన్సర్‌కు ముందు దశ' అన్న మాట చూసి పొలం అమ్మకానికి పెట్టేవారు ఉన్నారు, కాగితం పెట్టెలో దాచేసేవారూ ఉన్నారు. రెండూ అక్కరలేదు. బారెట్ మార్పు ఉండి, కణాల్లో వికారం లేనివారు వెయ్యిమంది ఉంటే, ఏడాదిలో క్యాన్సర్ వచ్చేది సుమారు ఐదుగురికి, లేక అంతకంటే తక్కువమందికి. వీరు వైద్యులు చెప్పినట్టు ఆమ్లం తగ్గించే మాత్ర వేసుకుంటూ, మారిన భాగం పొడవును బట్టి మూడు నుంచి ఐదేళ్లకు మళ్లీ చూపించుకుంటే చాలు. మంట తగ్గిందని ఈ పరీక్ష మానకూడదు.

కొద్దిపాటి వికారం ఉందంటే ఆ ముక్కలను మరో పెథాలజిస్టు కూడా చూడాలి, ఎందుకంటే వాపు కూడా అలాగే కనిపించగలదు. నిర్ధారణ అయితే ఎండోస్కోపీ ద్వారా చికిత్స, లేదా మొదటి ఏడాది ఆరు నెలలకోసారి పరీక్ష. వికారం ఎక్కువగా ఉంటే ఆగకూడదు. చెడిన పొరను ఎండోస్కోపీతోనే తీసేసి, మిగిలినదాన్ని వేడితో మాడ్చే చికిత్స బెంగుళూరు, హైదరాబాదు వంటి చోట్ల ఉంది. చాలామందికి ఛాతీ కోసే అవసరమే రాదు.

పరీక్షకు ముందు రాత్రి నుంచి ఏమీ తినకుండా రండి. పాత రిపోర్టులన్నీ తీసుకురండి. అయోడిన్ పడకపోతే ముందే చెప్పండి. మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపకూడదు, కాబట్టి ఇంట్లోవారిని ఒకరిని తోడు తెచ్చుకోండి.