శీతకాలమున మోటారు పడవ

గోదావరి తీరమున పెరిగిన వారికి పడవను ఏటేట నాలుగైదు మాసములు నీటినుండి తీసి, ఒడ్డున కప్పిపెట్టుట వింతగా తోచును. మన నదులకు వఱదలు వచ్చును, వేసవిలో ఇసుకతిన్నెలు బయటపడును, కాని నీరు గడ్డకట్టదు. అమెరికా ఉత్తరభాగమందలి మిన్నెసోటా రాష్ట్రమున స్థితి వేఱు. అచట పది ఎకరములకు తక్కువ కాని సరస్సులు 11,842 గలవని లెక్క. నవంబరు, డిసెంబరు మాసములలో వాని పైభాగము గడ్డకట్టి, పెక్కింట ఏప్రిల్ వఱకు కరగదు. సామాన్య కుటుంబములకు సైతము అచట చిన్న మోటారు పడవ యుండుట కద్దు. కొట్టము లేనివారు దానిని చక్రముల బండిమీదనే యుంచి, ఇంటి పెరటిలో ఆరుబయట విడుతురు. అట్టి పడవను చలి యెట్లు పాడుచేయునో, దానినుండి యెట్లు కాపాడవలెనో తెలుపుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. మన విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువుకొను సంగతులే ఇందు పెక్కు గలవు.

మొదట మా పొరపాటును చెప్పుకొందుము. ఆ రాష్ట్రమున నివసించిన కాలమున మేమొక పాతపడవను కొంటిమి. శీతకాలము రాగానే, పైన మంచు పడకుండ చూచుటయే ప్రధానమని తలచి, క్రొత్త టార్పాలిన్ గుడ్డ తెచ్చి, త్రాళ్లతో బిగించి కట్టి, మా పనితనమును మేమే మెచ్చుకొంటిమి. ఏప్రిల్‌లో కప్పు తీసి చూడగా ఒక్క మరకయైన కానరాలేదు. కాని యంత్రమును నడిపిన కొంతసేపటికి దాని నూనె నీటితో కలిసి పాలవలె తెల్లబడెను. మరమ్మతు చేయువాడు వచ్చి, యంత్రపు ఇనుపదిమ్మె ప్రక్కను వెండ్రుకంత సన్నని పగులును వ్రేలితో చూపెను. క్రొత్త యంత్రమునకు అతడు చెప్పిన వెల, మేము పడవకిచ్చిన వెలకంటె ఎక్కువ. పైనుండి పడిన మంచు దానిని పగులగొట్టలేదు. మేము లోపల విడిచిన నీరే పగులగొట్టెను.

కారణము సులభముగా గ్రహింపవచ్చును. నీరు చల్లబడుకొలది కుంచించుకొని, 4 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద మిక్కిలి సాంద్రమగును. అంతకంటె చల్లబడినచో మఱల వ్యాకోచింప నారంభించును. 0 డిగ్రీయొద్ద గడ్డకట్టునప్పుడు దాని ఘనపరిమాణము నూటికి సుమారు 9 పాళ్లు పెరుగును. అందుచేతనే గడ్డ నీటిపై తేలును. సరస్సు పైన గడ్డకట్టినను అడుగున చేపలు బ్రతికియుండును. చేపలను కాచు ఆ ధర్మమే యంత్రమునకు శత్రువగుచున్నది. పోత ఇనుము నొక్కుడునకు బాగుగా ఓర్చును గాని లాగుడునకు ఓర్వదు. లోపలి సందులలోని నీరు గడ్డయై వెలుపలికి నెట్టగా ఆ ఇనుము సాగలేక చీలును.

పడవ యంత్రములు ముఖ్యముగా రెండు విధములు. పడవ వెనుకపలకకు వ్రేలాడదీయునది యొకటి. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909 ప్రాంతమున మిల్వాకీ నగరమున ఇట్టివానిని తయారుచేసి అమ్మకమునకు పెట్టెను. దీనిని నిటారుగా నిలిపినచో, చల్లార్చు గొట్టములలోని నీరు తనంతట కాఱిపోవును. కావున శీతకాలమంతయు వాల్చక నిలువుగా నుంచవలెను. క్రింది పెట్టెలోని పండ్లచక్రముల నూనెను శరత్కాలముననే మార్చవలెను. పాతనూనె పాలవలె నున్నచో అందు నీరు దూఱినదని తెలిసికొని, ముందు దానికి చికిత్స చేయించవలెను.

రెండవది పడవలోపల బిగించిన యంత్రము. మా పడవది ఈ జాతియే. దీనిలోని నీరు తనంతట పోదు. దిమ్మెకు ప్రక్కల నుండు బిరడాల నన్నిటిని ఊడదీయవలెను. ఊడదీసిన మాత్రమున పని తీరినదని నమ్మరాదు; తుప్పును ఇసుకయు రంధ్రమున కూరుకొని నీటిని ఆపుట సామాన్యము. కాబట్టి సన్నని తీగతో పొడిచి చూడవలెను. తరువాత గడ్డకట్టని ద్రవమును నింపుదురు. ఇందులకు ప్రొపిలీన్ గ్లైకాలు మంచిది. ఎథిలీన్ గ్లైకాలు తియ్యనిది, విషము. నేల ఒలికినదానిని నాకి కుక్కలు చచ్చుట కలదు.

నీరు తీయుటకు ముందే పెట్రోలు సంగతి చూడవలెను. అచటి పెట్రోలులో నూటికి 10 పాళ్లవఱకు ఎథనాలు కలుపుట వాడుక. అది గాలిలోని తేమను పీల్చును. నీరు మితిమీరినచో రెండును కలిసి తొట్టి అడుగునకు దిగును. అందుచేత చెడకుండ కాపాడు మందును పెట్రోలులో కలిపి, గొట్టముతో నీరందించుచు యంత్రమును పదినిముషములు నడిపి, పిమ్మట సిలిండరులలోనికి నూనె పిచికారీ చేయుదురు.

బ్యాటరి విషయమున ఒక చిత్రము కలదు. నిండుగా విద్యుత్తు నింపిన సీసపు బ్యాటరిలోని ఆమ్లజలము -50 డిగ్రీలయొద్దను గడ్డకట్టదు. ఖాళీయైనదాని ద్రవము దాదాపు నీరే యగుటచే -10 డిగ్రీల ప్రాంతముననే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. మిన్నెసోటా ఉత్తరభాగమున -30 డిగ్రీలకు దిగు రాత్రులు అరుదు కావు. బ్యాటరిని ఊడదీసి, నింపి, ఇంటిలో నుంచుట మేలు.

ఇక కప్పు. మన భాషలో తెల్లవారుజామున గడ్డిపై నిలుచు దానికిని, హిమాలయములపై పేరుకొను దానికిని మంచనియే పేరు. అందువలన దాని బరువు మన ఊహకందదు. రెండు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు గల కప్పు నడుమ క్రుంగి, సగటున 10 సెంటిమీటర్ల నీరు నిలిచెననుకొందము. అది యొక ఘనమీటరు, అనగా 1,000 కిలోగ్రాములు! ఏ గుడ్డ ఓర్చును? కావున నడుమ ఎత్తైన వాసమును నిలిపి, ఇంటికప్పువలె ఇరువైపుల వాలునట్లు పఱచవలెను. అప్పుడు మంచు జాఱిపోవును. అట్లని గాలిచొరనీయక మూయరాదు. లోపలి తేమ బయటకు పోక బూజు పట్టును. ముందు వెనుకల గాలికి సందు విడువవలెను. గుడ్డ వదులుగా నున్నచో గాలికి రెపరెపలాడి పడవరంగును ఒరసివేయును. పడవను ఊతకాళ్లపై నిలిపినవారు కప్పుత్రాళ్లను ఆ కాళ్లకు కట్టరాదు. పెనుగాలి గుడ్డను లాగినప్పుడు కాళ్లును కదలి, పడవ పడిపోవును. పరుపులను తీసి ఇంటిలో పెట్టనివారు ఎలుకల సంసారమును పోషించినవారగుదురు.

కప్పు ఎంత మంచిదైనను కొంత వాన లోనికి దిగకపోదు. పడవ ముందుభాగమును ఎత్తుగా నుంచి, వెనుక అడుగున నుండు బిరడాను తీసివేసినచో ఆ నీరు నిలువక పోవును. ఇందొక చిక్కు కలదు. వసంతమున ఆ బిరడాను మఱచి పడవను సరస్సులోనికి దింపి, ఒడ్డుననే ముంచుకొనువారు ఏటేట నుందురు. మేము రెండవ సంవత్సరమునుండి దానిని యంత్రపు తాళపుచెవికే కట్టియుంచితిమి. ఏప్రిల్‌లో చెవి వెదకినప్పుడు బిరడాయు చేతికి వచ్చెడిది.