వాక్యం దొరికింది సరే, మిగతా అధ్యాయం?



మాది ఖరగ్‌పూర్. మా తాత బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి కార్ఖానాలో చేరాడు. నాన్నా అక్కడే చేశాడు. సర్వీసులో ఉండగానే పోయాడు, పదకొండేళ్లయింది. కారుణ్య నియామకం అమ్మ తీసుకోవచ్చు గానీ, "నాకెందుకురా, నువ్వు చేరు" అంది. అలా నాకు ఉద్యోగం వచ్చింది. మథురాకాటిలో క్వార్టర్ నా పేరు మీదే ఉంది. అమ్మ, నేను, నా భార్య, మూడేళ్ల బాబు ఉంటున్నాం.

అమ్మకీ నా భార్యకీ పడదు. వంటగదిలో మొదలైన గొడవ నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మం దాకా వస్తుంది. ఇక్కడే ఇందాలో ఫ్లాట్ చూసి అడ్వాన్స్ ఇచ్చాం. క్వార్టర్ వదిలేస్తే ఇంటద్దె భత్యం వస్తుంది, లోను వాయిదాకి కలిసొస్తుంది. అమ్మని ఊళ్లో చిన్నాన్న దగ్గరికి పంపుదామనుకుంటున్నాం. ఫ్యామిలీ పెన్షన్ ఉంది కదా, మనం వేరే డబ్బు పంపక్కర్లేదని నా భార్య అంటుంది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ప్రార్థన చేసి బైబిలు తెరిస్తే ఆదికాండం 2:24 కంటపడింది. పురుషుడు తల్లిదండ్రుల్ని విడిచి భార్యతో ఏకమవుతాడన్న మాట. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకొచ్చిన వాగ్దానం కార్డు మీద వచనం కూడా విశాల స్థలం గురించే. దేవుడే మాట్లాడాడని నమ్ముతున్నాను. ఆదివారం సాక్ష్యం చెబుదామనుకుంటున్నాను. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను వాక్యాన్ని తప్పుగా చదివానా?

– ఒక సోదరుడు, ఖరగ్‌పూర్

*

తమ్ముడూ,

మీ ఉత్తరంలో పనులు జరిగిన వరస చూడండి. ముందు ఫ్లాట్ చూశారు, తర్వాత అడ్వాన్స్ ఇచ్చారు, ఆ తర్వాత బైబిలు తెరిచారు. ఈ వరసలో వాక్యానికి మిగిలిన పని ఒక్కటే, మీ కాగితం మీద ముద్ర కొట్టడం.

యిర్మీయా గ్రంథం 41 నుంచి 43 దాకా ఒకసారి కూర్చుని చదవండి. యెరూషలేము కూలిపోయింది, బబులోను రాజు పెట్టిన అధికారి గెదల్యా హత్యకి గురయ్యాడు. మిగిలినవాళ్లు భయపడి ఐగుప్తుకి పారిపోదామని బయలుదేరారు. బెత్లెహేము దగ్గర మజిలీ చేశాక యిర్మీయా దగ్గరికొచ్చి, దేవుణ్ని అడిగి చెప్పు, మంచైనా చెడైనా వింటాం అని ఒట్టు పెట్టుకున్నారు. మూటాముల్లె సర్దుకుని దారి పట్టాక అడుగుతున్నారన్నమాట! జవాబు రావడానికి పది రోజులు పట్టింది. ఇక్కడే ఉండండి, వెళ్లొద్దు అని. వెంటనే వాళ్లు యిర్మీయాని అబద్ధాలకోరన్నారు, అతని లేఖకుడు బారూకు ఎగదోస్తున్నాడన్నారు. అంతటితో ఆగక యిర్మీయాని కూడా వెంటబెట్టుకుని ఐగుప్తు వెళ్లారు. నాకు ఆశ్చర్యంగా ఉండేది ఆ చివరి ముక్కే. మాట వినరు, ప్రవక్త మాత్రం తమతోనే ఉండాలి.

మీకు పది రోజులు పట్టలేదు, తెరవగానే జవాబు దొరికింది. అనుమానించాల్సింది అక్కడే.

ఇక మీ వచనం. దాన్ని యేసు ఎక్కడ వాడాడో మత్తయి 19లో చూడండి. ఏ కారణానికైనా భార్యని వదిలెయ్యొచ్చా అని పరిసయ్యులు అడిగితే, వదలకూడదని చెప్పడానికి వాడాడు. కాబట్టి మీ భార్య పక్షాన నిలబడడానికి ఆ వచనం మీకు నిజంగానే అండ. వేరే ఇల్లు పెట్టుకోవడం పాపమేమీ కాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఆ అమ్మాయి బాధ అబద్ధం అనను. అయితే తల్లికి డబ్బు పంపక్కర్లేదని ఆ వచనంలో ఎక్కడుంది? ఈ ఎత్తు మార్కు 7లో ఉంది. అమ్మానాన్నలకి దక్కాల్సింది కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశాం, అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ల మీద యేసు మండిపడ్డాడు.

మొత్తం అధ్యాయం చదవమంటున్నది ఊరికే కాదు. విశాఖలో మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు అనే ఆయన సాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో అచ్చయింది మీ బెంగాల్లోనే, సెరంపూర్‌లో. మత్తయి, మార్కు, లూకా. డెస్ గ్రాంజెస్ అచ్చు చూడకుండానే 1810లో పోయాడు. ఆ మనిషి ఎవరూ కార్డు మీద వేసుకోని వంశావళులు కూడా వదలకుండా తెలుగు చేశాడు. మనం బైబిల్లోంచి ఒక వాక్యం కత్తిరించుకుంటున్నాం. కార్డు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఆ రాత్రి మీ అమ్మకి ఏ కార్డు వచ్చిందో ఎప్పుడైనా అడిగారా?

ఇన్ని వచనాలు చూపించి నేనూ మీ ఆటే ఆడుతున్నానని మీకు అనిపించొచ్చు. మార్కు 7 తీసుకెళ్లి మీ భార్య నోరు మూయించడానికి చదివితే అచ్చం అదే అవుతుంది. ఆ అధ్యాయం మీకు, ఆమెకు కాదు.

బైబిలు పక్కనబెట్టి రెండు కాగితాలు చూడండి. మొదటిది, ఉద్యోగంలో చేరినప్పుడు మీరు సంతకం చేసింది. చనిపోయిన ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లని సరిగా పోషిస్తానని హామీ రాసిచ్చాకే కారుణ్య నియామకం ఇస్తారు. పోషించడం లేదని రుజువైతే ఉద్యోగం తీసేయొచ్చని నిబంధన. బెదిరించడానికి చెప్పడం లేదు, మీ అమ్మ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్లే మనిషి కాదని మీ ఉత్తరమే చెబుతోంది. రెండోది ఆమె పాస్‌బుక్కు. సర్వీసులో చనిపోయినవారి కుటుంబానికి మామూలుగా పదేళ్లపాటు ఆఖరి జీతంలో సగం పెన్షన్, తర్వాత 30 శాతం. పదకొండేళ్లయిందన్నారు. అంటే ఈ మధ్యే తగ్గి ఉండాలి. మీ ఇద్దరూ లెక్కేసుకున్న పెన్షన్ పాతదేమో చూడండి.

క్వార్టర్ వదిలేస్తే మీకు ఫ్లాట్ ఉంది, ఆమెకి లేదు. పలాస దగ్గరి పల్లె మీ తాత ఊరు. మీ అమ్మ కాపురం, గోల్‌బజార్ బేరాలు, సంఘంలో పక్కన కూర్చునేవాళ్లు, రైల్వే ఆసుపత్రి, అన్నీ ఖరగ్‌పూర్లోనే. మరిది ఇంట్లో ఆమె చుట్టం. ఇందాలోనే దగ్గర్లో ఒక గది అద్దెకి చూడండి. అద్దె మీరు కట్టండి, నెలనెలా ఇంత అని భార్యకి ముందే చెప్పి అమ్మ ఖాతాలో వేయండి. వాయిదాకి చాలకపోతే ఫ్లాట్ ఒక గది తక్కువది చూసుకోవాలి. అడ్వాన్స్‌లో కొంత పోయినా సరే.

అన్నిటికంటే ముందు అమ్మకి చెప్పండి. బైబిలు చేతిలో పట్టుకుని కాదు, మామూలుగా. ఆమె ఊరే వెళ్తానంటే అప్పుడది వేరే సంగతి, పంపే డబ్బు మాత్రం పంపాల్సిందే.

ఆదివారం సాక్ష్యం వద్దు. అమ్మకి తెలియని సంగతి మైకులో చెప్పేదేమిటి?