గేరు మార్పులో బిగువు: టార్క్ కన్వర్టరు మార్చిన తరువాత

ఆటోమేటిక్ గేరుబాక్సులో గేరు మారినట్టే తెలియకూడదని చాలామంది అభిప్రాయం. ఇది సగం నిజం. మార్పు మరీ మెత్తగా జరుగుతోందంటే లోపలి క్లచ్ ప్లేట్లు పట్టు దొరికేదాకా ఎక్కువసేపు జారుతున్నాయేమో చూసుకోవాలి. జారితే రాపిడి, రాపిడి వల్ల వేడి. ఆ వేడికి నూనె చెడుతుంది, ప్లేట్లు మాడుతాయి. మరీ బిగువైతే దెబ్బ షాఫ్టుల మీద పడుతుంది.

ఉదాహరణకు 1964లో జనరల్ మోటార్స్ ప్రవేశపెట్టిన టర్బో హైడ్రామాటిక్ 400ను తీసుకొందాం. దాని మూడు గేర్ల నిష్పత్తులు 2.48, 1.48, 1.00. దానికి ‘స్టాల్ వేగం’ ఎక్కువగా ఉన్న కన్వర్టరు బిగించారనుకొందాం. చక్రాలు కదలకుండా ఆపి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఇంజను అందుకొనే వేగమే స్టాల్ వేగం. పాతదానిది నిమిషానికి 1,800 చుట్లు, కొత్తదానిది 2,800 అనుకొందాం.

ఇంజను 4,000 చుట్ల వద్ద ఒకటో గేరు నుంచి రెండుకు మారితే, కన్వర్టరులో జారుడే లేనట్లయితే, వేగం 4,000 × 1.48 ÷ 2.48, అంటే సుమారు 2,390కి దిగాలి. కాని యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉండగా కొత్త కన్వర్టరు ఇంజన్ని 2,800 కంటె దిగువకు రానివ్వదు. అందుకే కుదుపు తగ్గి, మార్పు మెత్తబడినట్టు తోస్తుంది. ఇది కన్వర్టరులోని జారుడు, క్లచ్చిది కాదు. ఈ తేడా గమనించకుండా నూనె పీడనం పెంచితే లేని జబ్బుకు మందు వేసినట్టే!

మరి తెలిసేదెట్లా? టాకోమీటరు చూడండి. గేరు మారేటప్పుడు ముల్లు ఒక్కసారి పైకెగిరి ఆపైన దిగితే క్లచ్ జారుతోందన్నమాట. ఎగరకుండా తిన్నగా దిగి కాస్త ఎత్తున నిలిస్తే అది కన్వర్టరు పనే.

క్లచ్చే జారుతోందని తేలితే ముందు నూనె మట్టం చూడాలి. తరువాత మాడ్యులేటరు. ఇంజను మీద భారం పెరిగితే వాక్యూం తగ్గుతుంది; దానికి తగ్గట్టు మాడ్యులేటరు పీడనం పెంచుతుంది. సర్దుబాటు మర ఉన్న మాడ్యులేటరైతే మరను కుడివైపు ఒక్కొక్క చుట్టు తిప్పుతూ, ప్రతిసారీ గేజీతో కొలిచి, రోడ్డు మీద నడిపి చూడాలి. వాల్వు బాడీ పలకలో చిల్లులు పెద్దవి చేయటం ఆఖరి మెట్టు. తొలిచిన లోహాన్ని తిరిగి పూడ్చటం తేలిక కాదు గదా!

కన్వర్టరులో జారుడు పెరిగింది కనుక వేడీ పెరుగుతుంది. పెద్ద ఆయిల్ కూలరు తప్పనిసరి.

నేటి గేరుబాక్సుల్లో పీడనాన్ని కంప్యూటరు సరిచూస్తోంది. అయినా జారేది ఏదో ముందు తేల్చుకొని, ఆ తరువాతే మర మీద చెయ్యి వేయాలన్న సూత్రం మాత్రం మారలేదు.